చెవి గుబిలియు చీపురుపుల్లయు

గత మాసమున మేము సంఘపు పనిమీద హైదరాబాదునకు పోయి, ఫిలిం నగరులో మా మేనల్లుని యింట రెండు దినములు బస చేసితిమి. దాని ప్రక్కనే యున్న జూబ్లీ హిల్స్ ఒక సహకార గృహనిర్మాణ సంఘపు కృషివలన వెలసినదని మన సభ్యులలో కొందఱు వినియే యుందురు. బండరాళ్ల గుట్టలను నివాసస్థలములుగ మార్చినది సహకారమే. మా మేనల్లుడు చలనచిత్రములకు ధ్వనిముద్రణ చేయువాడు. ఉదయమున మేము అలవాటు చొప్పున అగ్గిపుల్లకు దూది చుట్టి చెవిలో పెట్టుకొనబోగా అతడు మా చేయి పట్టుకొని, "మామయ్యా, నా కూడు ఈ చెవులలో నున్నది. ఈ పనిలో చేరిననాటినుండి వీనిలో పుల్ల పెట్టి యెఱుగను" అనెను.

ఆ మాట మమ్ము ఆలోచింపజేసినది. రైతు కూడు మాత్రము చెవులలో లేదా? మోటారు చప్పుడు మాఱినంతనే నీరందుట లేదని దూరమునుండి గ్రహించువాడు రైతు. రాత్రివేళ గట్టుమీద పాము బుస, వెనుకనుండి వచ్చు ట్రాక్టరు రొద, ఈనబోవు ఆవు మూలుగు, ఇవి వినబడకున్న కలుగు నష్టము వేఱుగ చెప్ప నక్కఱలేదు. అట్టి చెవిని చీపురుపుల్లకును, పిన్నీసునకును, బండి తాళమునకును అప్పగించుట తగదని మా దృఢమైన అభిప్రాయము.

గుబిలి యనునది, కొన్ని తావుల గులిమి యందురు, మురికి కాదు. చెవిరంధ్రము లోనికి సుమారు 2.5 సెంటీమీటర్లు, అనగా ఒక అంగుళము, పొడవుగల గొట్టము. దాని కొనను కర్ణభేరి యను పలుచని పొర కలదు. గొట్టముయొక్క వెలుపలి భాగముననే గుబిలి ఊరును. అది దుమ్మును, చిన్నపురుగులను పట్టి నిలుపును. చర్మమును తడిసి నానకుండ కాచును. సూక్ష్మజీవులను, బూజును పెరుగనీయదు. లోపలి చర్మము కర్ణభేరినుండి వెలుపలికి మెల్లమెల్లగ జరుగుచు, పాత గుబిలిని తనతో మోసికొని వచ్చును. నమలునపుడును మాటలాడునపుడును దవడ కదలిక దీనికి తోడ్పడును. కావున చెవి తన్ను తానే శుభ్రపఱచుకొనునట్లు ఏర్పడిన అవయవము.

ఇట్లు బయటికి వచ్చుచున్న దానిని మనము పుల్లతో లోనికి నెట్టుచున్నాము. బోదెలోని ఒండ్రును పారతో ఎత్తి గట్టున వేయువాడే రైతు గాని, తూములోనికి దట్టించువాడు రైతు కాడు. పుల్ల కొనకు అంటి వచ్చిన రవ్వంత గుబిలిని చూచి సంతోషించుచున్నాము. లోన గట్టిపడిన ముద్ద మన కంటికి కానరాదు.

ఈ తప్పు చేయని వారమని మేము చెప్పుకొనజాలము. కొన్ని యేండ్ల క్రిందట వరి నూర్పుల దుమ్మున చెవి దురద పుట్టగా, పుల్లతో మూడు దినములు గెలికితిమి. నాలవనాడు కాలువలో స్నానము చేసి లేచునప్పటికి ఎడమచెవి పూర్తిగ మూసికొనిపోయినది. నీరు తగిలి గుబిలి ఉబ్బుటయే అందులకు కారణము. ఆ సాయంకాలము కళ్లమున ట్రాక్టరు వెనుకకు వచ్చుచుండగా మాకు వినబడలేదు. కూలికి వచ్చిన ఒక అమ్మ మా చొక్కా పట్టి ఈడ్వకున్నచో ఈ వ్యాసము వ్రాయువారు ఉండరు. మఱునాడు వైద్యుడు కొలది నిమిషములలో ఆ ముద్దను తీసివేసెను.

"మా తాతలు కోడియీకతో తీసికొనిరి, వారి కేమైనది?" అని కొందఱు అడుగవచ్చును. ముదిమిలో ఎందఱు తాతలు చెవుడుతో అరుగుమీద కూర్చుండిరో, వారిలో ఎందఱి చెవులు కేవలము గుబిలి గడ్డకట్టి మూసికొనిపోయినవో ఎవరు చూచిరి? సంతలలో గుబిలి తీయువాని కడ్డీ ఒకరి చెవినుండి మఱొకరి చెవికి పోవును. ఇక దూది చుట్టిన అంగడి పుల్లలు 1923లో అమెరికాలో పుట్టినవి. నేడు అనేకమైన పెట్టెలమీద వీనిని చెవిరంధ్రములో పెట్టరాదని అచ్చువేసియే యున్నారు. ప్లాస్టిక్ కాడగల వానిని మన దేశమున 2022 జూలై 1 నుండి నిషేధించిరి. ఇప్పుడు వెదురుకాడవి, కాగితపుకాడవి వచ్చుచున్నవి. కాడ మాఱినంతమాత్రమున చెవికి మేలు కలుగదు.

అట్లయిన ఇంట చేయదగిన దేమి? చెవి బాగుగ వినబడుచు, బాధ లేకున్న ఏమియు చేయనక్కఱలేదు. స్నానానంతరము తడిగుడ్డతో చెవి దొప్పను, ద్వారమును తుడిచిన చాలును. చెవి దిబ్బడవేసి, మందముగ వినబడుచున్నచో, మందుల అంగడిలో దొరకు ఆలివునూనె గాని, వంటసోడా ద్రావకపు చుక్కలు గాని తెచ్చుకొనవలెను. సీసాను కొంతసేపు గుప్పిట పట్టిన ఆ వెచ్చదనము చాలును, పొయ్యిమీద కాచరాదు. ప్రక్కకు తిరిగి పండుకొని, 2 లేక 3 చుక్కలు వేసి, 5 మొదలు 10 నిమిషములు అట్లే యుండవలెను. ఈ విధముగ 3 మొదలు 5 దినములు చేసిన గుబిలి మెత్తబడి, రెండు వారములలో తనంతట జాఱిపోవును. విత్తినవాడు మొలకకై నేల త్రవ్వి చూడడు. ఇందును అట్టి ఓర్పే కావలెను.

అయితే చెవినుండి చీము కాఱుచున్నను, నొప్పి యున్నను, కర్ణభేరికి రంధ్రమున్నదని ఎన్నడైన వైద్యుడు చెప్పియున్నను, చెవికి శస్త్రచికిత్స జరిగియున్నను ఒక్క చుక్కయు వేయరాదు. వెల్లుల్లి కాచిన వేడినూనె చెవిని కాల్చును. ఆకుపసరులు వలదు. ఇంజెక్షను గొట్టముతో ఇంట నీరు కొట్టుట కర్ణభేరిని చీల్చవచ్చును. చెవిలో మైనపుగొట్టము నిలిపి వెలిగించు చికిత్సవలన గుబిలి రాదు; వచ్చునది కాలిన మైనమే. పసిపిల్లలకు తలంటునాడు చెవులలో నూనె పోయు ఆచారమును తల్లులు మానవలెను. పిల్లవాని చెవి కాఱుచున్న అది గుబిలి కరగుట యని ఉపేక్షింపరాదు. ఆ ఉపేక్షవలన వినికిడి తగ్గి, బడిలో మందమతి యని పేరుపడు బిడ్డ లుందురు.

కోతల దినములలో మఱి రెండు సంగతులు జ్ఞప్తియందుంచుకొనవలెను. చెవిలో పురుగు దూఱి కదలుచున్నచో, కర్ణభేరి బాగున్నవారు శుభ్రమైన నూనె కొలది చుక్కలు వేసిన అది చచ్చును. పిమ్మట వైద్యునిచే తీయించుకొనవలెను. గింజ పడినచో నీరు తగులనీయరాదు, ఏలయన గింజ నాని ఉబ్బును. పిల్లలు గడియారపు బిళ్ల బ్యాటరీని చెవిలో పెట్టుకొన్న, చుక్కలేమియు వేయక తత్‌క్షణమే ఆసుపత్రికి పోవలెను. అది కొలది గంటలలో చర్మమును కాల్చివేయును.

చుక్కలు వేసినను దిబ్బడ వీడనిచోను, అకస్మాత్తుగ ఒక చెవి వినబడనిచోను, తల తిరుగుచున్నను ఆలస్యము వలదు. మధుమేహము గలవారు మొదటనే వైద్యునకు చూపుకొనుట మేలు. హైదరాబాదు కోఠిలోను, విశాఖపట్టణమునను చెవి, ముక్కు, గొంతు వ్యాధులకే ప్రభుత్వాసుపత్రులు కలవు. అంతదూరము పోకముందు జిల్లా ఆసుపత్రిలో విచారింపవచ్చును.

తుదకు మా మనవి. మన సంఘపు అంగడిలో బల్లమీద, చిల్లర యిచ్చుచోటనే, చెవిపుల్లల పెట్టె యున్నది. లాభము రూపాయలలో స్వల్పము, కీడు అధికము. దానిని తీసివేసి ఆ తావున చుక్కల సీసాలుంచుట మేలని మేము పాలకవర్గమును కోరుచున్నాము. ఏటేట మార్చి 3వ తేదీ ప్రపంచ వినికిడి దినముగ పాటింపబడుచున్నది. ఆ దినమున ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుని సంఘ కార్యాలయమునకు పిలిచి, సభ్యుల చెవులను, వారి బిడ్డల చెవులను చూపించినచో, వ్యయము టీనీళ్లకు మించదు. విత్తనము మంచిదా కాదా యని పరీక్షించు సంఘము, సభ్యునికి వినబడుచున్నదా లేదా యని విచారించుట అధిక ప్రసంగము కాజాలదు. రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులు ఈ విషయమును ప్రస్తావింతురని నమ్ముచున్నాము.