అద్దెకున్నవాడి శవం

హైదరాబాదులో అద్దెకున్నవాడికి బతకడానికి ఇల్లు దొరుకుతుంది. చావడానికి దొరకదు.

ఈ మాట మీకు అతిగా అనిపిస్తే మీరు సొంతింటివాళ్లన్నమాట. అద్దెకున్నవాళ్లను అడగండి. ఆసుపత్రి నుంచి శవాన్ని ఇంటికి తేకుండా నేరుగా స్మశానానికి పట్టుకుపోయినవాళ్లు, అంబులెన్సును సందు మొదట్లో ఆపి అందులోనే కడసారి చూపు కానిచ్చినవాళ్లు, అర్ధరాత్రి బండి మాట్లాడుకుని తండ్రి శవాన్ని సొంతూరికి తరలించినవాళ్లు ప్రతి కాలనీలో ఉన్నారు. సొంతూళ్లో కూడా గజం జాగా లేనివాడు రోడ్డు పక్కన షామియానా వేసుకుంటాడు. ఇది రాజధానికే పట్టిన రోగం కాదు. సిరిసిల్లలో మరమగ్గాల కార్మికుల కుటుంబాలు శవంతో సహా రోడ్డున పడ్డ వార్తలు మన పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చాయి. మనం చదివాం. అయ్యో అన్నాం. పేజీ తిప్పాం.

మా వీధిలో ఒక ప్రైవేటు స్కూలు టీచరు ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో అద్దెకున్నాడు. నెల మొదటి వారంలో అద్దె కట్టేవాడు. ఓనరు ఊరెళితే పూలకుండీలకు నీళ్లు పోసేవాడు. ఆయన తండ్రి ఆసుపత్రిలో పోయాడు. డిశ్చార్జి కాగితాలు ఇంకా చేతికి రాకముందే ఓనరు ఫోను వచ్చింది: "ఏమీ అనుకోకండి మాస్టారూ, బాడీని మాత్రం ఇటు తేకండి. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం." కింద పార్కింగులో రెండు గంటలు ఉంచుకుంటామని బతిమాలినా ఒప్పుకోలేదు. చివరికి ట్రాన్స్‌ఫార్మరు పక్కన ఖాళీ ప్లాటు అంచున ఫ్రీజర్ బాక్సు పెట్టారు. దానికి కరెంటు కావాలి. ఇన్నేళ్లు కరెంటు బిల్లు కట్టిన ఇంటి నుంచి వైరు లాగనివ్వలేదు. కిరాణా కొట్టతను తన ఫ్రిజ్ ప్లగ్గు పీకి వైరు ఇచ్చాడు. ఆ పూట అతని పాల ప్యాకెట్లు విరిగిపోయాయి.

కాలనీ వాట్సాప్ గ్రూపులో మాత్రం సంతాపానికి లోటు లేదు. ఓంశాంతులు, చేతులు జోడించిన బొమ్మలు వరసకట్టాయి. వాటిలో ఓనరుదీ ఉంది. చీకటి పడ్డాక అదే గ్రూపులో ఇంకో మెసేజి వచ్చింది: టెంటు వల్ల కార్లు తిరగడం ఇబ్బందిగా ఉంది, ఎప్పుడు తీస్తారో ఎవరైనా కనుక్కోండి.

సిగ్గుపడాల్సిన వీధి ఇది. నేనూ ఈ వీధివాణ్ణే కాబట్టి గొంతు చించుకుని చెబుతున్నాను.

మైల అంటారు. దోషం అంటారు. ధనిష్ఠా పంచకంలో పోతే ఇల్లు ఆరు నెలలు మూసేయాలని పంతులు చెప్పాడంటారు. మరి ఓనరు తండ్రి పోయినప్పుడు ఏం జరిగింది? శవం నట్టింట్లో ఉంది. వీధంతా చెప్పులు విప్పి లోపలికి వెళ్లొచ్చింది. పదకొండో రోజు భోజనాలు మేడ మీదే పెట్టారు. పన్నెండో రోజుకల్లా ఇల్లు పవిత్రమైపోయింది. అదే గోడలు, అదే గుమ్మం, అదే మరణం. మీ మైల రిజిస్ట్రేషన్ కాగితాలు చూసి అంటుతుందా? డాక్యుమెంటు మీద పేరున్నవాడి శవం దైవసమానం, అద్దె రసీదు మీద పేరున్నవాడి శవం అరిష్టం. ఇది శాస్త్రం కాదు. ఆస్తి పొగరు. దానికి పంచాంగం అట్ట వేసుకున్నారు.

ఇక్కడ పల్లెటూరి భక్తులు లేస్తారు. "అదేనండీ, పట్నం మనుషుల్ని పాడుచేసింది. మా ఊళ్లో అయితే చావింటికి ఊరంతా కదిలేది" అని కళ్లు తుడుచుకుంటారు. ఆ కన్నీళ్లు నాకు అక్కర్లేదు. ఏ ఊరంతా కదిలింది? మాలపల్లెలో చావుకు కమ్మవారి వీధి, రెడ్డిగారి వీధి, అగ్రహారం కదిలాయా? చచ్చాక కూడా కలవకుండా కులానికో స్మశానం పెట్టుకున్న ఊళ్లు మనవి. ఆ స్మశానానికి దారి అడిగితే కర్రలు తీసిన ఊళ్లు మనవి. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ పల్లెను పూజించేవాళ్లను కడిగిపారేసింది ఊరికే కాదు. ఆయనకు ఊరు తెలుసు. ఊరు చివర బతుకూ తెలుసు.

నగరం ఇచ్చిన మాట వేరు. ఇక్కడ నీ తాత పేరు ఎవరూ అడగరు, నీ ఇంటి పేరుతో ఎవరికీ పని లేదు అని నగరం మాటిచ్చింది. జర్మన్ సామాజికవేత్త గియోర్గ్ జిమ్మెల్ 1903లోనే నగర మనస్తత్వం గురించి రాస్తూ, పట్నవాసి ముభావం వెనక ఒక స్వేచ్ఛ ఉందని చెప్పాడు. చిన్న ఊరి కళ్లూ నోళ్లూ మనిషిని కట్టేస్తాయి, నగరం వదిలేస్తుంది. పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ, శ్రీకాకుళం నుంచి వచ్చిన వాచ్‌మన్, గుంటూరు నుంచి వచ్చిన ఇంజనీరు ఒకే వీధిలో ఒకరికొకరు పరాయివాళ్లుగా బతకగలగడమే నగరం గొప్పతనం. పరాయివాడికి కూడా నీ గుమ్మం ముందు కొంత హక్కుండటం, అదే పొరుగుతనం. మనవాణ్ణి ఆదరించడానికి నాగరికత అక్కర్లేదు, కోతులు కూడా ఆ పని చేస్తాయి.

ఆ మాటను చెడగొట్టింది నగరం కాదు. మనం. ఊరి వాడల్ని మూటగట్టుకుని వచ్చి పట్నంలో విప్పాం.

1917లో కొలంబియాలో, లండన్‌లో చదివొచ్చి బరోడా సంస్థానంలో కొలువుకు చేరిన అంబేడ్కర్‌కు ఆ నగరంలో అద్దెకు గది దొరకలేదు. వేరే పేరు చెప్పి ఒక సత్రంలో తలదాచుకుంటే కర్రలు పట్టుకుని గుంపు వచ్చింది. స్నేహితుల్ని అడిగితే వాళ్లూ చేతులెత్తేశారు. కొలువు వదిలి బొంబాయి రైలెక్కాడు. ఇప్పుడు కర్రలు అక్కర్లేదు. టులెట్ బోర్డు చాలు. "ఓన్లీ వెజిటేరియన్స్."

2014 నాటి కేంద్ర ప్రభుత్వ నమూనా సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 98 మందికి పైగా మాంసం తినేవాళ్లే. దేశంలో మొదటి స్థానం మనదే. అలాంటి రాష్ట్రంలో శాకాహారులకే ఇల్లిస్తామని బోర్డు పెట్టేవాడు వంటింటి వాసన గురించి బెంగపడుతున్నాడని నన్ను నమ్మమంటారా? ఆదివారం పొద్దున చికెన్ కొట్టు దగ్గర మీరూ నేనూ పక్కపక్కనే నిలబడ్డాం సార్. మీరు అడుగుతున్నది కులం. నోరు తెరిచి అడిగే ధైర్యం లేక కూరగాయల చాటున దాక్కున్నారు. ధైర్యమున్నవాళ్లు నేరుగానే అడుగుతున్నారు: "మీరేవిఁట్లండీ?" బురఖా వేసుకున్న అమ్మాయి గేటు దగ్గర కనిపిస్తే వెంటనే "ఇప్పుడే ఎవరో అడ్వాన్సు ఇచ్చారండీ" అంటారు. మర్నాడు కూడా బోర్డు అక్కడే వేలాడుతుంటుంది.

చట్టం ఏం చేస్తోందంటారా? దుకాణంలోకి, హోటల్లోకి, బావి దగ్గరికి కులం పేరుతో, మతం పేరుతో రానివ్వకపోవడం కుదరదని రాజ్యాంగం 15వ అధికరణం చెప్పింది. అద్దె ఇల్లు ఆ జాబితాలో పేరుపెట్టి లేదు. ఆ సందులోనే మీ బోర్డు వేలాడుతోంది. 2005లో గుజరాత్‌లోని ఒక గృహ నిర్మాణ సహకార సంఘం కేసులో, ఒక మతం వాళ్లకే సభ్యత్వమిచ్చే నిబంధన చెల్లుతుందని సుప్రీంకోర్టే తీర్పిచ్చింది.

అమెరికాలో ఉన్న మన అన్నలకూ అక్కలకూ ఒక మాట. మీరు డాలస్‌లో, న్యూజెర్సీలో నచ్చిన వీధిలో ఇల్లు తీసుకోగలుగుతున్నారంటే అక్కడ 1968లో వచ్చిన ఫెయిర్ హౌసింగ్ చట్టం ఉంది కాబట్టే. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి ఆ చట్టం మీద అధ్యక్షుడు సంతకం పెట్టాడు. నల్లవాళ్లు నెత్తురు కార్చి తెచ్చుకున్న ఆ చట్టం నీడలో మీ రంగు, మీ యాస, మీ ఇంగువ వాసన క్షేమంగా ఉన్నాయి. అదే మీరు కోకాపేటలో ఫ్లాటు కొని, అక్కణ్నుంచి బ్రోకరుకు ఫోను చేసి "మనవాళ్లకైతేనే ఇవ్వు బాబాయ్" అంటారు. ఇంతకంటే సిగ్గుమాలిన పని ఇంకోటి చూపించండి.

ఇక గేటెడ్ కమ్యూనిటీల సంగతి. లిఫ్టు పక్కన లామినేషన్ చేసి అంటించిన కాగితం చదవండి: పనివాళ్లు, డెలివరీ బాయ్స్ సర్వీస్ లిఫ్టే వాడాలి. కొంతసేపు అక్కడే నిలబడి చూడండి. మీ బిడ్డను చంకనెత్తుకున్న ఆయా మెయిన్ లిఫ్టులో దర్జాగా పైకి వెళుతుంది. బిడ్డను దింపి ఒంటిగా కిందికి వచ్చేటప్పుడు సర్వీస్ లిఫ్టు కోసం నిలబడుతుంది. మధ్యలో ఆమెలో మారిందేమిటి? అదే మనిషి, అదే చీర, అదే చెమట. మీ రక్తాన్ని మోస్తున్నంతసేపే ఆమె మనిషి. దీనికి మీరు సెక్యూరిటీ అని పేరుపెట్టారు. మా తాతలు మడి అనేవారు. 1950లో రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసిందని పిల్లలకు బళ్లో చెప్పిస్తారు, ఇంటికొచ్చేటప్పటికి లిఫ్టు దగ్గర చూపిస్తారు. పిల్లలు ఏది నేర్చుకుంటారనుకుంటున్నారు?

"భద్రత" అని అరుస్తారు. సరే, భద్రత గురించే మాట్లాడదాం. పాత ఇళ్లకు అరుగులుండేవి. అరుగు మీద ఒక ముసలమ్మ ఉండేది. వీధిలోకి వచ్చిన ప్రతివాడూ ఆమె కంట పడేవాడు. ఈ నిఘా విలువను 1961లోనే జేన్ జేకబ్స్ అమెరికన్ నగరాల గురించి రాసిన పుస్తకంలో వివరించింది. వీధిని కాపాడేది పోలీసుకంటే ముందు వీధి మీద ఉన్న మామూలు మనుషుల కళ్లే అంది. మనం ఏం చేశాం? అపార్టుమెంటుల్లో కింది అంతస్తు మొత్తం కార్లకు రాసిచ్చాం. ముసలమ్మను నాలుగో అంతస్తులో టీవీ ముందు కూర్చోబెట్టాం. కళ్లు పోయాక చందాలేసుకుని కెమెరాలు కొన్నాం. కెమెరా దొంగను చూపిస్తుంది. గుండెపోటుతో మెట్ల మీద పడిపోయినవాణ్ణి కూడా చూపిస్తుంది, మర్నాడు.

1995 జూలైలో షికాగోలో వడగాడ్పులకు 700 మందికి పైగా చచ్చిపోయారు. చాలామంది ఒంటరి ముసలివాళ్లు, తలుపులు బిడాయించుకున్న గదుల్లో పోయారు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజికవేత్త పక్కపక్కనే ఉన్న రెండు పేటల్ని పోల్చి చూశాడు. నార్త్ లాండేల్, సౌత్ లాండేల్. రెండూ పేదవే. రెండింటా ఒంటరి ముసలివాళ్లు ఉన్నారు. చావుల రేటు మాత్రం నార్త్‌లో పది రెట్లు. అక్కడ దుకాణాలు మూతబడ్డాయి, వీధులు బావురుమన్నాయి, ముసలివాళ్లు గడప దాటడానికి భయపడ్డారు. సౌత్‌లో వీధి నిండా కొట్లూ జనమూ. మనుషులు బయటికొచ్చారు, పలకరించుకున్నారు, బతికారు. 2015 మే ఎండలు రెండు తెలుగు రాష్ట్రాల్లో వందల ప్రాణాలు తీశాయి. ఎండలు ఇంకా పెరుగుతాయి. పక్కింటి తలుపు రెండ్రోజులుగా తెరుచుకోలేదని గమనించే మనిషి మీ అంతస్తులో ఉన్నాడా? ఆలోచించి చెప్పండి. ఏసీ మెకానిక్ నంబరు ఉంది. ఆ మనిషి పేరు ఉందా?

2020 మార్చి 22 సాయంత్రం అయిదు గంటలకు బాల్కనీల్లో నిలబడి వైద్యుల కోసం పళ్లాలు మోగించాం. రెండు రోజులు తిరక్కుండానే, ఓనర్లు డాక్టర్లను ఇళ్లలోంచి వెళ్లగొడుతున్నారని ఢిల్లీ ఎయిమ్స్ రెసిడెంట్ డాక్టర్లు హోం మంత్రికి ఉత్తరం రాయాల్సి వచ్చింది. బాల్కనీలో చప్పట్లు, గుమ్మం దగ్గర తాళం. మన పొరుగుతనం కొలత ఇంతే. దూరంగా ఉన్నంతవరకు దేవుడు, మెట్లెక్కితే క్రిమి.

"నా ఇల్లు, నా ఇష్టం." మీ ఆఖరి ఆయుధం ఇదేనని నాకు తెలుసు. కాదు. నోట్లు లెక్కపెట్టుకుని తాళం చేతికిచ్చిన రోజునుంచి అది ఆ కుటుంబం ఇల్లు. వాళ్లు అక్కడ పాలు పొంగించారు. బిడ్డను కన్నారు. జ్వరాలు పడ్డారు. మీరు అమ్మింది నీడ. నీడను పుట్టుకకు అమ్మి చావుకు అమ్మనంటే కుదరదు. ప్రతి ఏడాదీ అద్దె పెంచడానికి గుర్తొచ్చే మార్కెట్టు, శవం ఎదురైతే ఆచారంగా మారిపోతుందా? వ్యాపారమైతే వ్యాపారంలా చేయండి. ధర్మమైతే ధర్మంలా చేయండి. లాభానికి ఒక ముఖమూ, బాధ్యతకు ఇంకో ముఖమూ చూపించేవాణ్ణి ఏమంటారో తెలుగులో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు.

ఇది చదివి నన్ను తిట్టేవాళ్లు తిట్టండి. మా కాలనీ అసోసియేషన్ ఎలాగూ నాతో మాట్లాడటం మానేసింది. కానీ చదువుతున్న మీకు ఇల్లుండి, అది అద్దెకిచ్చి ఉంటే, మీతో నాకు ఒక్క పని ఉంది. పదకొండు నెలల అగ్రిమెంటు మళ్లీ రాయించేటప్పుడు, గోడలకు మేకులు కొట్టరాదు, నాన్‌వెజ్ వండరాదు అనే షరతుల కింద మీ చేత్తో ఒక వాక్యం చేర్చండి: ఈ ఇంట్లో ఉంటున్నవారు ఎవరు చనిపోయినా వారి శవం ఈ ఇంటికే వస్తుంది, దినాలు ఇక్కడే జరుగుతాయి. కింద సంతకం పెట్టండి. అది రాసినంత మాత్రాన మీ ఇల్లు కూలదు, మీ అమ్మాయి పెళ్లి ఆగదు. రాయలేనంటారా? అయితే పట్నంలో మనుషులు కరువయ్యారని ఇంకెప్పుడూ నా ముందు అనకండి. ఆ కరువు మీరే.