112 సెకండ్ల బొమ్మ



సూర్యగ్రహణం బొమ్మ వేయమంటే మీరేం వేస్తారు? రాహువు సూర్యుణ్ణి మింగుతున్నట్టు వేస్తారా? వేయండి, తప్పులేదు. అది కథలోని గ్రహణం. కళ్ళారా చూసి వేసిన గ్రహణం ఒకటుంది, వినండి.

1918 జూన్ 8న అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో సంపూర్ణ గ్రహణం పట్టింది. దాన్ని చూడబోయిన శాస్త్రజ్ఞులు హొవార్డ్ రస్సెల్ బట్లర్ అనే చిత్రకారుణ్ణి వెంట తీసుకుపోయారు. కెమెరాలుండగా చిత్రకారుడెందుకంటారా? ఆ రోజుల్లో ఫోటోలలో రంగులు సరిగా వచ్చేవి కావు. సూర్యుడు పూర్తిగా మరుగయ్యేది 112 సెకండ్లే! అంతలో రంగులద్దడం ఎవరితరం? అందుకని బట్లర్ గబగబా రూపురేఖలు గీసి, ఏ రంగు ఎక్కడుందో అంకెలతో గుర్తు పెట్టుకున్నాడు. తరవాత తీరిగ్గా బొమ్మ పూర్తిచేశాడు.

ఆ బొమ్మలో నల్లని చంద్రబింబం, చుట్టూ ముత్యంవంటి వెలుగు, అంచున ఎర్రని జ్వాలలు కనిపిస్తాయి. ఆ జ్వాలలు ఏమిటో తెలిసిన చోట్లలో మన గుంటూరు ఒకటి! 1868 ఆగస్టు 18నాటి గ్రహణం చూడటానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ అక్కడికి వచ్చాడు. ఆ వెలుగును రంగులుగా విడదీసి చూసి, అవి కాగిపోతున్న వాయువులని గ్రహించాడు.

ఇంతకీ చిన్న చంద్రుడు అంత పెద్ద సూర్యుణ్ణి ఎట్లా కప్పగలిగాడు? సూర్యుడి వ్యాసం చంద్రుడి వ్యాసానికి సుమారు 400 రెట్లు. దూరం కూడా సుమారు 400 రెట్లే! అందుకే ఇద్దరూ ఒకే పరిమాణంలో కనిపిస్తారు. చంద్రుడు ఏటా దాదాపు 4 సెంటీమీటర్లు మనకు దూరమవుతున్నాడు. కోట్ల ఏళ్ళు గడిచాక సంపూర్ణ సూర్యగ్రహణమనేదే ఉండదు. మనం పుట్టిన కాలం మంచిదన్నమాట!

ఇంత మంచికాలంలో పుట్టి నేనేం చేశానో తెలుసా? 1980 ఫిబ్రవరి 16న హైదరాబాదు దగ్గరి జపాల్-రంగాపూర్‌లో శాస్త్రజ్ఞులు సంపూర్ణ గ్రహణం చూశారు. మన దోమకొండలో కూడా సూర్యుడు చాలావరకు మరుగయ్యాడు. నేను మాత్రం భయపడి, తలుపులు బిగించిన గదిలో కూర్చున్నాను. ఆ విచారం నాకు ఇప్పటికీ ఉంది.

మీరట్లా చేయకండి. అయితే సూర్యుణ్ణి వట్టి కళ్ళతో చూడనే కూడదు. గ్రహణానికని తయారుచేసిన కళ్ళద్దాలు లేకపోతే వేపచెట్టు కిందికి వెళ్ళండి. ఆకుల సందుల్లోంచి పడే ఒక్కొక్క వెలుగుచుక్కా ఆ వేళ నెలవంకగా మారుతుంది. నేలమీద తెల్లకాగితం పరచి, ఆ నెలవంకల చుట్టూ పెన్సిలుతో గీయండి. పక్కన తేదీ, వేళ రాయండి.

బట్లర్ చేసిన పని కూడా అదే గదా!