సీసా మీది కాగితం

ఈ వారం కబుర్లు సీసాల గురించి. అందులోనూ బీరు సీసాల గురించి. పేరు వినగానే ముఖం చిట్లించకండి అక్కయ్యలూ, కాస్త ఓపిగ్గా చదవండి. మీ ఇంట్లోకి ఆ సీసా ఎప్పుడూ రాకపోయినా, పాత సామాన్ల అంగట్లో వరసగా నిలబెట్టి ఉండడం చూసే ఉంటారు.

మా చిట్టమూరుకి గూడూరు దగ్గరే. నిమ్మకాయకి పేరున్న ఊరది. ఎండాకాలం కాయ ధర అడగాలంటేనే భయం కానీ, వానలు పట్టాక చవగ్గా దొరుకుతుంది. అప్పుడే నేను ఏడాదికి రెండు మూడు విడతలు షర్బతు చేసి పెట్టుకుంటాను. దానికి సీసాలు కావాలి. కొత్తవి కొంటే షర్బతు కంటే సీసా ఖరీదు ఎక్కువ. ప్లాస్టిక్ సీసాలో పులుపు పోసి నెలల తరబడి ఉంచడం నాకు ఇష్టం ఉండదు. టీ డబ్బులకి రెండొచ్చే ఆ ముదురు గోధుమరంగు బీరు సీసా, 650 మిల్లీలీటర్లు పట్టేది, మన పనికి బ్రహ్మాండంగా ఉంటుంది. గాజు మందం. వెలుతురు తగిలితే బీరు వాసన చెడుతుందని ఆ రంగు గాజు వాడతారు. మనకీ ఆ గుణమే కావాలి. నువ్వుల నూనె, తేనె, నిమ్మరసం, వీటన్నిటికీ వెలుతురు శత్రువే.

ఇబ్బందల్లా దానిమీది కాగితంతోనే. ఆ బొమ్మ, ఆ పేరు అట్లాగే ఉంచి వచ్చినవాళ్ళకి షర్బతు పోస్తే ఏమనుకుంటారు చెప్పండి!

మొన్న అమెరికాలో ఉండే మా అక్క కొడుకు ఫోన్ చేశాడు.

"పిన్నమ్మా, సీసాల మీద కాగితాలు నువ్వు ఎట్లా ఊడదీస్తావు? మాకేమో గోళ్ళు విరిగిపోతా ఉండాయి" అన్నాడు.

"ఎందుకు నాయనా, షర్బతు చేస్తా ఉండావా?" అంటే, కాసేపు నీళ్ళు నమిలి, "కాదు పిన్నమ్మా, ఇంట్లో బీరు చేస్తా ఉండా" అన్నాడు.

నాకు గుండె గుభేలుమంది. వాడు నవ్వి, అక్కడ అది తప్పు కాదని, సొంతానికి ఇంట్లో చేసుకోవచ్చని 1978లోనే చట్టం వచ్చిందని చెప్పాడు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజల్ని వేడినీళ్ళలో నానేసి, ఆ తీపినీళ్ళు కాచి, చల్లారాక ఈస్టు వేసి పులియబెడతారట. అదంతా ఒక ఎత్తయితే, సీసాలు కడగడం ఒక ఎత్తట. మన దగ్గర మాత్రం లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం 1968 నాటి ఎక్సైజు చట్టం కింద నేరం. కాబట్టి ఆ భాగం మనకి వద్దు. కాగితం ఊడదీయడం మాత్రం వాడికైనా నాకైనా ఒకటే పని.

నేను పెళ్ళయి వచ్చిన కొత్తల్లో సబ్బునీళ్ళలో నానబెట్టి పీచుతో తోమేదాన్ని. మా ఊరు పులికాట్ సరస్సుకీ సముద్రానికీ దగ్గర. బోరునీళ్ళు చాలా ఇళ్ళలో ఉప్పగానే ఉంటాయి, సబ్బు నురగ రాదు. కాగితం పైపొర ఊడొచ్చి, అడుగుపొర తెల్లగా గజ్జిపట్టినట్టు మిగిలిపోయేది. లోపం నా చేతుల్లో లేదు, జిగురులో ఉంది. బీరు సీసాలని ఐసుగడ్డల నీళ్ళలో పెట్టి చల్లబరుస్తారు కదా, అప్పుడు కాగితం ఊడిపోకూడదని చాలావాటికి పాల విరుగుడు ముద్ద నుంచి తీసిన జిగురు వాడతారు. చన్నీళ్ళకి అది లొంగదు. క్షారానికి లొంగుతుంది. క్షారమంటే ఏదో అనుకునేరు, మన చాకలిసోడానే. సీసాలు మళ్ళీ నింపే ఫ్యాక్టరీల్లో కూడా వేడి కాస్టిక్ సోడా నీళ్ళతోనే కడుగుతారు. అది మన చేతులకి, కళ్ళకి ప్రమాదం. ఇంట్లోకి తేవద్దు.

నేను చేసే పద్ధతి చెప్తాను. పెద్ద ప్లాస్టిక్ టబ్బులో బక్కెట్టెడు గోరువెచ్చటి నీళ్ళు పోసి, గుప్పెడు చాకలిసోడా వేసి కర్రతో కలపండి. వంటసోడా అయితే బలం చాలదు. సీసాలని ముందు మామూలు నీళ్ళతో ఒకసారి తొలిచి, ఈ సోడానీళ్ళే లోపల కూడా నింపి పడుకోబెట్టండి. నింపకపోతే పడవల్లా పైకి తేలుతాయి, సగం కాగితం తడవదు. సాయంత్రం వేసి తెల్లారి చూస్తే చాలా కాగితాలు వాటంతటవే ఊడి నీళ్ళమీద తేలుతుంటాయి. మిగిలినవి అరచేత్తో ఒక్క తోపు తోస్తే జారిపోతాయి. కాగితం ముక్కలని వెంటనే జల్లెడతో ఏరేయండి, లేకపోతే మళ్ళీ సీసాకే అంటుకుంటాయి. చేతులకి రబ్బరు తొడుగులు వేసుకోండి. సోడా చర్మాన్ని జిడ్డు తీసేసినట్టు తీసేస్తుంది, ఆనక మంట.

అల్యూమినియం గిన్నెలో మాత్రం ఈ పని పెట్టుకోకండి, గిన్నె నల్లబడి పాడవుతుంది. కొన్ని సీసాల మెడకి వెండి రేకులాంటిది చుట్టి ఉంటుంది చూడండి, అదీ సోడానీళ్ళలో సన్నటి బుడగలు వదులుతూ కరుగుతుంది. అందుకని టబ్బుకి మూత బిగించకుండా పెరట్లో గాలాడే చోట పెట్టండి. పిల్లలు అటు పోకుండా చూసుకోండి.

చల్లటి సీసాలో మరిగే నీళ్ళు పోశారంటే ఠప్పున పగుల్తుంది. ఇది నేను చేసి చూసిన సంగతే.

ఈమధ్య కొన్నిటికి కాగితం బదులు ప్లాస్టిక్ స్టిక్కర్లు వస్తున్నాయి. వాటికి సోడా పనిచేయదు. సీసాని మిట్టమధ్యాహ్నం ఎండలో గంటసేపు ఉంచి, లోపల వేడినీళ్ళు పోసి, ఒక మూల నుంచి నిదానంగా లాగితే ఊడొస్తుంది. మిగిలిన బంకకి వేరుశెనగ నూనో కొబ్బరినూనో రాసి పావుగంట ఆగి పాతగుడ్డతో తుడిచి సబ్బుపెట్టి కడగాలి.

చాకలిసోడా లేనివాళ్ళు బూడిద వాడొచ్చు. సరుగుడు కట్టెల బూడిద అయితే మరీ మంచిది. జల్లించి, రెండు దోసిళ్ళు బక్కెట్టు నీళ్ళలో కలిపి, తేరాక ఆ పైనీళ్ళు తీసుకోవాలి. దాంట్లోనూ క్షారమే ఉంటుంది. ఇది నాకు మా అమ్మ నేర్పింది. నేర్పింది అనడం కూడా తప్పేమో. అమ్మ చేస్తుంటే నేను చూశాను.

1992లో నాకు పన్నెండేళ్ళు. మా జిల్లా అంతా సారా గొడవలతో అట్టుడికిపోతున్న రోజులవి. దూబగుంటలో రోశమ్మా వాళ్ళూ మొదలుపెట్టారు, రాత్రిబడుల్లో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు ఊరూరా సారా అంగళ్ళు మూయించారు, వేలంపాటలు జరగనివ్వలేదు. కోట వైపు మా పుట్టింటి ఊళ్ళో కూడా ఆడవాళ్ళు సారా ప్యాకెట్లు తెచ్చే బండికి అడ్డం కూర్చున్నారు. ముందు వరసలో మా అమ్మ. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో సారా ఆపేశారు. ఆ అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా ఆపారు. మా వీధిలో ఆడవాళ్ళు కొబ్బరికాయలు కొట్టారు.

సారా ప్యాకెట్టు పోయింది, మా నాయన సీసాకి మారాడు. సంపూర్ణ మద్యనిషేధం 1995 జనవరిలో కదా వచ్చింది, ఆలోపు బ్రాందీ, బీరు దొరుకుతూనే ఉన్నాయి. పొద్దున లేచేసరికి పెరట్లో అరుగు మీద సీసా ఉండేది. అమ్మ ఎవరూ లేవకముందే దాన్ని బూడిదనీళ్ళ కుండలో ముంచేది. మధ్యాహ్నానికల్లా కాగితం ఊడదీసి, అది పొయ్యిలో వేసి, సీసా కడిగి నూనెకో కిరసనాయిలుకో పెట్టేది. వీధిలో వాళ్ళు వచ్చి, "మీ ఇంట్లో సీసాలు ఎంత తళతళలాడతాయమ్మా" అనేవాళ్ళు. అమ్మకి శుభ్రం ఎక్కువని నేనూ అనుకునేదాన్ని. కొన్ని సీసాలకి కంపెనీ పేరు గాజులోనే పోసి ఉంటుంది. అది ఏ సోడాకీ పోదు. ఒకరోజు బళ్ళోంచి వచ్చేసరికి అమ్మ ఇసకతో ఆ అక్షరాలు తోముతోంది. పోలేదు. ఆ సీసాని అలమారలో పేరు గోడవైపు తిప్పి పెట్టింది. బండికి అడ్డం కూర్చున్న మనిషి తన ఇంట్లో సీసా ఉందని ఎట్లా చెప్పుకుంటుంది? నాకు ఆ సంగతి తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది.

సరే, పనిలోకి వద్దాం. కాగితం పోయాక లోపలి సంగతి. అడుగున పాచి పట్టి ఉంటే గుప్పెడు నూకలు, కాసిని నీళ్ళు పోసి గట్టిగా గిలకొట్టండి. సీసా బ్రష్షు అందని మూలలకి కూడా నూకలు పోతాయి. జారుడు పోయేదాకా మంచినీళ్ళతో మూడు నాలుగుసార్లు తొలవండి. మాలాంటి ఉప్పునీళ్ళ ఊళ్ళలో గాజు మీద తెల్లపొర కడుతుంది. చివరి నీళ్ళలో పిండేసిన నిమ్మచెక్కలు వేసి తొలిస్తే అది పోతుంది. తరవాత పెద్ద గిన్నె అడుగున గుడ్డ పరిచి, సీసాలు పడుకోబెట్టి, చన్నీళ్ళు పోసి అప్పుడు పొయ్యి వెలిగించాలి. మరగడం మొదలయ్యాక పావుగంట. గిన్నెలోనే చల్లారనిచ్చి, తీసి బోర్లించి ఆరబెట్టండి. మూతి దగ్గర బీట ఉన్న సీసా ఎంత బాగున్నా పక్కన పెట్టేయండి.

షర్బతుకి కొలత: రెండు కిలోల పంచదార లీటరు నీళ్ళలో కరిగేదాకా మరిగించి, బాగా చల్లారాక లీటరు నిమ్మరసం వడకట్టి కలపాలి. ఐదు సీసాలకి కాస్త తక్కువగా వస్తుంది. గింజ నలగనివ్వకండి, చేదెక్కుతుంది. సీసా మెడదాకా నింపకుండా నాలుగు వేళ్ళు వెలితి ఉంచండి. బీరు సీసా రేకుమూత ఒకసారి తీస్తే మళ్ళీ పనికిరాదు, కాబట్టి అంగట్లో బిరడాలు కొని, అవీ వేడినీళ్ళలో వేసి తీసి పెట్టండి. ఫ్రిజ్‌లో నెల పైన ఉంటుంది. బయట ఉంచి మరిచిపోతే పులుస్తుంది, బిరడా తుపాకిలా ఎగురుతుంది. బిరడా గట్టిగా బిగుసుకుపోతే సీసానే పగలొచ్చు. మా వాడు అదే గాలి కోసం సీసాలో కాస్త పంచదార వేసి రేకుమూత మిషనుతో బిగిస్తాడట, మందం సీసాలే ఏరుకోవాలట. మనకి మాత్రం బుడగలు కనిపిస్తే ఆ షర్బతు పారబోయడమే.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. కాగితం పోయిన సీసాలన్నీ కవల పిల్లల్లా ఒకేలా ఉంటాయి. కిందటేడు బాత్రూము కడిగే యాసిడ్ బండివాడు వస్తే, చేతికందిన కడిగిన సీసాలో పోయించి పెరటి గూట్లో పెట్టాను. తప్పు నాదే. మావారు ఎండన పడి వచ్చి, షర్బతనుకుని బిరడా తీశారు. ఘాటుకి దగ్గొచ్చి దించేశారు కాబట్టి సరిపోయింది. నీళ్ళలో కలుపుకుని తాగుదామని గ్లాసు కూడా పక్కన పెట్టుకున్నారు! ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఇప్పుడు మా ఇంట్లో యాసిడ్, ఫినాయిలు, కిరసనాయిలు తాగే సీసాల్లో పోయడం బందు. అవి కొన్న డబ్బాల్లోనే, తాళం వేసిన చోటే. ఎవరైనా పొరపాటున తాగితే వాంతి చేయించకండి. కిరసనాయిలు వాంతిలో ఊపిరితిత్తుల్లోకి పోతుంది, యాసిడ్ వచ్చే దారి కూడా కాలుస్తుంది. ఆ డబ్బానో సీసానో చేత్తో పట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తడమే.

ఇంకా, ప్రతి సీసాకీ కొత్త కాగితం అంటిస్తున్నాను. మైదాపిండి ఉడికించిన జిగురు చాలు, మళ్ళీసారి మామూలు నీళ్ళకే ఊడుతుంది. దానిమీద పేరు, చేసిన తేదీ పెద్దక్షరాలతో.

మా అక్క కొడుకు మొన్న ఆదివారం ఫోన్లో వీడియో చూపించాడు. యాభై సీసాలు, ఒక్క మచ్చ లేకుండా, చెక్కపెట్టెల్లో బోర్లించి ఉన్నాయి. అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. చూపు మందగించింది. ఫోను కళ్ళకి ఆనించుకుని చాలాసేపు చూసి, "ఎంత బాగా కడిగాడే! మగపిల్లోడికి ఇంత ఓర్పు ఎట్లా వచ్చింది! వాటిల్లో ఏం పోస్తాడంట?" అంది.

"షర్బతమ్మా" అన్నాను. అటునుంచి వాడు, "అవును అవ్వా" అన్నాడు.

ఈ పేజీ వారం వారం అమ్మకి చదివి వినిపించేది నేనే. ఈసారి కొన్ని పేరాలు దాటేయాలి.

నిమ్మతొక్కలు పారేయకండి. ఉప్పులో వేసి మూత పెట్టి ఉంచండి, వచ్చేవారం చెప్తాను.