నావిక్‌: ఉపగ్రహం తిరుగుతున్నా గడియారం ఆగితే?

కొండకల్‌లో రాత్రిపూట ఎవరికో ఒంట్లో బాగోలేదు. చేవెళ్ల వైపు నుంచి వస్తున్న అంబులెన్స్ డ్రైవర్‌కు మీరు ఫోన్‌లో లొకేషన్ పంపారు. ఆ లొకేషన్ సరిగ్గా చూపించాలంటే ఆకాశంలో ఉన్న గడియారాలు సరిగ్గా నడవాలి. మన సొంత వ్యవస్థ ‘నావిక్‌’కు పెద్ద దెబ్బ తగిలింది అక్కడే.

గడియారంతో పనేంటి?

ఉపగ్రహం సమయం చెబుతూ సంకేతం పంపుతుంది. అది చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి మీ ఫోన్ దూరం లెక్కగడుతుంది. సెకనులో పది లక్షల వంతు తేడా వచ్చినా దూరం లెక్క 300 మీటర్లు తప్పుతుంది. అందుకే రుబీడియం అణు గడియారాలు వాడతారు.

ఎన్నేళ్లు పనిచేస్తాయి?

నావిక్ తొలి ఉపగ్రహం 1ఏను 2013 జులై 1న శ్రీహరికోట నుంచి పదేళ్ల ఆయుష్షు అంచనాతో పంపారు. విదేశాల నుంచి కొన్న మూడు గడియారాలూ నాలుగేళ్లు తిరక్కుండానే పాడయ్యాయి. కాస్త వెనకా ముందూ నడిస్తే నేల మీది నుంచి సరిచేయొచ్చు. ఆగిపోతే పైకి వెళ్లి బాగుచేసే వీల్లేదు. ఈ బెడద మనకొక్కరికే కాదు. యూరప్‌ గెలీలియోలోనూ 72 గడియారాల్లో 9 పాడైనట్లు 2017 జనవరిలో ప్రకటించారు.

ఇప్పుడు పరిస్థితేంటి?

1ఏ స్థానంలో 2017 ఆగస్టులో పంపిన 1హెచ్, ఉష్ణకవచం విడిపోక విఫలమైంది. 2018 ఏప్రిల్‌లో 1ఐ చేరింది. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్‌-01లో తొలిసారి స్వదేశీ రుబీడియం గడియారం పెట్టారు. 2025 జనవరిలో ఎన్‌వీఎస్‌-02 నిర్ణీత కక్ష్యకు చేరలేదు. 2025 జులైలో పార్లమెంటుకు ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం, ప్రయోగించిన 11 ఉపగ్రహాల్లో అప్పటికి లొకేషన్ సేవలకు పనికొస్తున్నవి నాలుగే. లొకేషన్ తేల్చడానికి కావాల్సిన కనీస సంఖ్య కూడా నాలుగే. అంతకంటే తగ్గితే నావిక్ ఒక్కదాంతో పని జరగదు. గడియారాలు ఆగిన కొన్ని ఉపగ్రహాలను సందేశాలు పంపడానికే వాడుతున్నారు.

మీ ఫోన్‌కు ఇబ్బందా?

వెంటనే కాదు. అమెరికా జీపీఎస్, రష్యా గ్లొనాస్ లాంటివి ఆదుకుంటాయి. అందుకే ఈ లోటు మీకు కనిపించదు. కానీ సొంత వ్యవస్థ కట్టుకున్నదే పరాయి వాటి మీద ఆధారపడకూడదని. ఇకపై కొత్త ప్రయోగం వార్త చూసినప్పుడు ఎన్ని ఉపగ్రహాలు పంపారన్నదే కాదు, ఎన్నింట్లో గడియారం నడుస్తోందన్నదీ అడగండి.