గేర్ల లెక్క

మా మేనల్లుడిది హోసూరు కాపురం, బెంగుళూరు ఉద్యోగం. నిత్యం కారులోనే రాకపోకలు. టర్బో ఉన్న చిన్న పెట్రోలు కారు. గేర్లు చేత్తో మార్చుకునే రకం. మొన్న ఆదివారం వచ్చి, “మామయ్యా, బండిలో ఊపు చాలడం లేదు. ఫైనల్ డ్రైవు పళ్ళచక్రాలు మార్పిస్తే బాణంలా పోతుందట. చీటీ పాడేద్దామనుకుంటున్నా” అన్నాడు.

ఆ చీటీ మా చెల్లెలు మిద్దె మరమ్మతు కోసమని కడుతున్నది. మాకు గుండె గతుక్కుమంది.

మేము ఇంజనీర్లం కాము. మెట్రిక్ చదివి ఆఫీసులో పద్దులు రాసుకునేవాళ్ళం. అయితే గేర్ల సంగతిలో సగం హెచ్చవేతలే గదా అని కాగితం, పెన్సిలు తీశాము.

టర్బో అంటే కొత్త వింతేమీ కాదు. స్విట్జర్లండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ 1905లోనే దానికి పేటెంటు పొందాడు. ఇంజను వదిలే వేడి పొగే ఒక చక్రాన్ని తిప్పుతుంది; దాని ఇరుసుకే ఉన్న మరో చక్రం గాలిని కుక్కి ఇంజనుకు అందిస్తుంది. ఇంజను మందంగా తిరిగితే పొగా కొంచెమే, టర్బో నిద్రలోనే ఉంటుంది. మావాడి బండిలో అది నిమిషానికి సుమారు 1,800 చుట్లు దాటితేగాని మేలుకోదు. కనుక గేర్లు ఎంచేటప్పుడు ముందు చూడవలసింది, మనం రోజూ పోయే వేగంలో ఇంజను ఆ గీతకు పైన ఉంటుందా, పై గేరు వేశాక కూడా పైనే నిలుస్తుందా అని. రెండో గేరు 1.9, మూడోది 1.3 అయితే, 3,000 దగ్గర మార్చినప్పుడు 2,050కి దిగుతుంది, ఫరవాలేదు. మూడోది 1.1 అయితే 1,740కి పడిపోతుంది. టర్బో మళ్ళీ పడక వేస్తుంది.

మావాడి గేర్లు మొదటి రకమే. ఫైనల్ డ్రైవు 3.6, దాన్ని 4.0 చేయమని సలహా. టైరు ఒక్క చుట్టుకు 1.95 మీటర్లు పోతుంది.

“ఊళ్ళో 40 వేగంలో ఏ గేరురా?”

“మూడు. రెండు వేస్తే పెట్రోలు తాగుతుంది గదా మామయ్యా.”

గుట్టు అక్కడే ఉంది! 40లో మూడో గేరుకు 1,600 చుట్లు. అంత డబ్బు పోసి మార్చినా 1,780. గీత అప్పటికీ అందదు. ఏమీ మార్చకుండా రెండో గేరు వేస్తే 2,340. అటు పెద్దరోడ్డు మీద, 0.75 ఉన్న ఐదో గేరులో 100 వేగానికి ఇప్పుడు 2,310 చుట్లు చాలు, మారిస్తే 2,560. ఆ రొద, ఆ పెట్రోలు రోజూ భరించాలి.

సిల్క్ బోర్డు రద్దీలో క్లచ్చు అరిగిపోతున్నదని మరో మొర. మొదటి గేరు 3.5. ఇంజను 1,000 చుట్ల మీద క్లచ్చు పూర్తిగా వదలగల వేగం ఇప్పుడు 9.3 కిలోమీటర్లు, మారిస్తే 8.4. ఒక్క కిలోమీటరైనా కలిసిరాదు!

పెద్ద టైర్లు వేసుకున్నవారికీ, నిత్యం ఘాట్లు ఎక్కేవారికీ ఆ మార్పు తగినదే, కాదనము.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. గురువారం ఫోను చేసి, అత్తిబెలె దాటాక రెండో గేరులో బండి బాగానే లాగిందన్నాడు. చీటీ మాట ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు.