చూపుకు ఒకటి, కంపైలర్‌కు ఒకటి

ఈ సంచికను సి భాషలో కలిసి కోడ్ రాసే పద్ధతులకే కేటాయించాం. లైనక్స్ కెర్నల్‌లో లోపలి వరుసలను ట్యాబ్‌తోనే జరుపుతారు, ట్యాబ్ అంటే ఎనిమిది అక్షరాల వెడల్పు. కర్లీ బ్రాకెట్ ఫంక్షన్‌కైతే కింది వరుసలో, ఇఫ్‌కైతే అదే వరుసలో తెరుస్తారు. వేలమంది రాసినా ఒక్కరి చేతిరాతలా ఉండాలన్నది ఆశయం. ఎనిమిది ఎక్కువని గొణిగేవాళ్లున్నారు. కానీ ఆ వెడల్పు వల్లే మూడు అంచెలు దాటి లోపలికి పోయిన కోడ్ ఇరుకై, సరిచేయమని అదే చెబుతుంది. నాకు నచ్చిన నియమం ఇది.

ఇదంతా సోకుల గొడవ అనేవాళ్లు 2014లో ఆపిల్ భద్రతా కోడ్‌లో బయటపడ్డ లోపాన్ని చూడాలి. ఒక ఇఫ్ కింద ‘గోటూ ఫెయిల్’ వరుస రెండుసార్లు పడింది. బ్రాకెట్లు లేవు. రెండోది కూడా ఆ ఇఫ్‌కు చెందినట్టే లోపలికి జరిగి కనిపించింది. కంపైలర్‌కు మాత్రం దానికి ఏ షరతూ లేదు. సర్వర్ పంపిన డిజిటల్ సంతకాన్ని సరిచూసే పరీక్ష జరగకుండానే పోయింది.

ఏ శైలి మేలన్న వాదులాట ఈ పేజీల్లో ఉండదు. పాత ప్రాజెక్టులో చేరితే అక్కడి తీరే పాటించండి. కోడ్‌ను శైలికి తగ్గట్టు సర్దే పని క్లాంగ్-ఫార్మాట్ అనే సాధనానికి అప్పగించండి. ఫైలంతా సర్దాల్సి వస్తే దాన్ని విడి కమిట్‌గా పెట్టండి. తర్కంలో చేసిన మార్పుతో కలిపేస్తే, సమీక్షించేవారికి అసలు మార్పు ఎక్కడుందో దొరకదు.