చేప విలువ మీగడలో లేదు

ఆవపిండి కలిపిన చిక్కని మీగడరసంలో తెల్లచేప ముక్కలను ఉడికించడం ఐరోపావారి పాకం. చరవాణి తెరలపై దానిని చూచి మన కామారెడ్డి యువతరమూ ముచ్చటపడుతున్నది. ఈ వంటకాన్ని గూర్చి రెండు వాదాలు వింటున్నాను. మీగడ చేరినందువల్లనే అది పుష్టికరమని కొందరు, పాలూ చేపా కలిస్తే బొల్లి వస్తుందని మరికొందరు. నా దృష్టిలో ఈ రెండూ నిలిచేవి కావు.

"పిల్లవాడు పాలు తాగిండు, చేప పెట్టకుండ్రి" అన్న మాట ఎల్లారెడ్డి పల్లెలలో ఎన్నోసార్లు విన్నాను. చరకసంహిత ఈ రెంటినీ విరుద్ధాహారమన్నది నిజమే. అయితే శరీర రక్షణవ్యవస్థ తన వర్ణకణాలనే నాశనం చేయడం వల్ల బొల్లి కలుగుతుందని నేటి వైద్యశాస్త్రం చెబుతున్నది. పాలతో చేప తినడం అందుకు కారణమని రుజువు కాలేదు. నిరాధారమైన భయంతో ఎదిగే బిడ్డ కంచంలోని చేపను తీసివేయడం న్యాయమా?

ఇక మీగడ మాట. 100 గ్రాముల కాడ్ అనే తెల్లచేపలో సుమారు 18 గ్రాముల మాంసకృత్తులుంటాయి. కొవ్వు ఒక గ్రాముకు లోపే. అంతే తూకం చిక్కని మీగడలో మూడవవంతుకు పైగా కొవ్వు, మాంసకృత్తులు రెండు మూడు గ్రాములు. కనుక పుష్టి చేపది, మీగడది కేవలం రుచి.

ఆ కాడ్ శీతల సముద్రాలలో పెరిగేది. మనకు 1922 నాటి పోచారం, 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఉన్నాయి. వాటిలో రవ్వ, బొచ్చె దొరుకుతాయి. రవ్వలోనూ మాంసకృత్తులు సుమారు 17 గ్రాములు. సముద్రపు చేపలో అయోడిన్ అధికమన్నది ఒప్పుకోవలసిందే. ఆ లోటును అయోడిన్ ఉప్పు తీరుస్తుంది. రవ్వకు ముళ్ళెక్కువ, పిల్లలకు ఏరి పెట్టాలి.

ఆవ మనకు కొత్త కాదు. ఆవాలను తడిపి నూరితేనే ఘాటు పుడుతుంది, ఎక్కువసేపు మరిగితే పోతుంది. అందుకే మన తల్లులు కూర దించే ముందు ఆవ పెట్టేవారు. చేపల పులుసుకూ అదే పద్ధతి పాటిస్తే మీగడతో పనిలేదు.

మృగశిర కార్తెనాడు చేప తినడం మన ఆచారం. ఆ ఒక్కనాటితో సరిపెట్టక, చేప తినే ఇండ్లలో వారానికి ఒకటి రెండు మారులైనా బిడ్డలకు పెట్టండి. ఫ్యాషన్ కోసం కొననక్కరలేదు, భయంతో మానుకోనక్కరలేదు.